నల్గొండలో మా నీళ్ల ల్యాబ్ కొత్త బిల్డింగ్: రెండు ఎండాకాలాలు చూశాక రాస్తున్న రివ్యూ

బిల్డింగ్ అప్పగించిన వారానికే రివ్యూ రాసివ్వమని డిజైన్ టీమ్ వాళ్లు అడిగారు. అప్పుడు రాయలేదు. రంగు వాసన పోని బిల్డింగ్ ఎవరికైనా బాగానే కనిపిస్తుంది, దాని అసలు సంగతి మే నెలలో పడమటి గోడకు చెయ్యి ఆనిస్తే, మొదటి పెద్ద వానకు మేడ మీదికి ఎక్కి చూస్తే తెలుస్తుంది. ఇప్పటికి రెండు ఎండాకాలాలు గడిచాయి, కరెంటు బిల్లులన్నీ ముందేసుకుని కూర్చుని రాస్తున్నా. టీమ్ పేరు పెట్టడం లేదు. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి గానీ పోట్లాడిన సంగతులు కూడా రాస్తున్నా, పైగా రెండు పనులు మా మధ్య ఇంకా తేలలేదు. పని మాత్రం ఉన్నదున్నట్టు చెప్తా. తొందరలో ఉన్నవాళ్లకు ముందే మార్కులు: డిజైన్‌కు ఐదుకు ఐదు, సైట్ మీద పర్యవేక్షణకు మూడు, అప్పగించిన తర్వాత సర్వీసుకు రెండున్నర.

మాది నీళ్లు, మట్టి పరీక్షించే ల్యాబ్. పరీక్షలు నేను చూసుకుంటా, శాంపిళ్లు తేవడం, రిపోర్టులు, బిల్లులు, ఆఫీసు అంతా తమ్ముడిది. పన్నెండేళ్లు గడియారం స్తంభం దగ్గర ఒక షాపు మీద అద్దె గదుల్లో నడిపాం. నల్గొండలో నీళ్ల ల్యాబ్ అంటే వచ్చే శాంపిళ్లలో ఎక్కువ భాగం ఫ్లోరైడ్ కోసమే వస్తాయి. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెప్తుంది. మా నాయనది మర్రిగూడ మండలం. చిన్నప్పుడు బావి నీళ్లు, తర్వాత బోరు నీళ్లు తాగాడు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టి, ఇప్పుడు పక్కకు చూడాలంటే ఆయన మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ 1970లలో తయారుచేస్తే దానికి మా ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని ఇప్పటికీ దేశదేశాల పిల్లలు చదువుకుంటారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక ఊళ్లలో తాగే నీళ్ల సంగతి చాలా మారింది, కానీ భూమి లోపల ఉన్న నీళ్లు అవే. ఇలాంటి చోట నీళ్ల ల్యాబ్ కడుతూ, ఆ ల్యాబ్ నుంచే పాడు నీళ్లు భూమిలోకి దింపితే నాయన ముందు నేను తలెత్తుకోలేను. అందుకే టీమ్‌తో మొదటి రోజే చెప్పా, బిల్డింగ్ ఎంత అందంగా ఉంటుందో తర్వాత చూద్దాం, ముందు దాంట్లోకి ఏ నీళ్లు వస్తాయి, దాంట్లోంచి ఏ నీళ్లు పోతాయి అనేది గీసి చూపించండి అని.

ఈ టీమ్ కంటే ముందు ఇద్దరితో మాట్లాడాం. ఇద్దరూ ప్లాటు కొలతలు అడిగారు, 420 గజాలు, ఉత్తరం రోడ్డు అని చెప్తే సాయంత్రానికల్లా ఫోన్‌కు ఎలివేషన్ బొమ్మలు పంపారు, ముందంతా నీలం అద్దం, పక్కన అల్యూమినియం ఏసీపీ షీట్లు. లోపల ఏం పని జరుగుతుందో ఒక్క మాట అడగలేదు. ఈ హైదరాబాద్ టీమ్ మాత్రం బొమ్మ పంపలేదు. మీ పాత ల్యాబ్‌లో ఒక రోజు కూర్చుంటాం అన్నారు. గాలి, కరెంటు, పైపులు చూసే ఇంజనీరు ఒకమ్మాయి, మహా అయితే ఇరవై ఆరేళ్లుంటాయి, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా స్టూలు మీద కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటూనే ఉంది. ఎవరు ఏ తలుపు ఎన్నిసార్లు తీస్తున్నారు, ఫ్యూమ్ హుడ్ ఎప్పుడు ఆన్ చేస్తున్నాం, ఎప్పుడు ఆపడం మర్చిపోతున్నాం, డిస్టిలేషన్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి. మధ్యలో టీ కూడా అక్కడే తాగింది. సాయంత్రం నా ముందు ఒక లెక్క పెట్టింది, ఆ లెక్క చూశాకే నేను వీళ్లకు అడ్వాన్స్ ఇచ్చా.

ఆ లెక్క ఇది. యాసిడ్ పొగలు పీల్చే ఫ్యూమ్ హుడ్‌కు ముందు అద్దం తలుపు ఉంటుంది కదా, మేము దాన్ని సగం పైకి లేపి అలాగే వదిలేస్తాం. వెడల్పు 1.2 మీటర్లు, తెరిచిన ఎత్తు 0.45 మీటర్లు. పొగ మన ముఖానికి రాకుండా ఉండాలంటే ఆ సందు గుండా గాలి సెకనుకు దాదాపు అర మీటరు వేగంతో లోపలికి పోవాలి. గుణిస్తే గంటకు 970 ఘనపు మీటర్ల గాలి. మా గది మొత్తం 90 ఘనపు మీటర్లు. అంటే ఐదున్నర నిమిషాలకోసారి గదిలో ఉన్న గాలి అంతా, ఏసీ చల్లబరిచిన గాలి అంతా, గొట్టంలోంచి మేడ మీదికి పోతోంది, దాని బదులు తలుపు సందుల్లోంచి 43 డిగ్రీల గాలి లోపలికి వస్తోంది. "మేడమ్, మీరు నల్గొండకే ఏసీ వేస్తున్నారు" అంది ఆ అమ్మాయి. పన్నెండేళ్లు బిల్లు కట్టింది నేనే, ఏసీ పాతబడింది కాబోలు అని రెండుసార్లు మార్చింది కూడా నేనే. కెమిస్ట్రీ చదివి ఉండి కూడా ఆ గుణకారం నేనెప్పుడూ చెయ్యలేదు.

దాని మీదే ప్లాన్ మొత్తం నడిచింది. ల్యాబ్ అనేది మామూలు ఆఫీసు కంటే చదరపు అడుగు లెక్కన ఐదు రెట్లు, కొన్నిచోట్ల పది రెట్లు కరెంటు తింటుందట, ఎక్కువ భాగం ఈ గాలికే. అలాంటప్పుడు ల్యాబూ ఆఫీసూ కలిపి ఒకటే పెద్ద హాలు కట్టి మొత్తానికి సెంట్రల్ ఏసీ పెడితే, రిపోర్టులు టైప్ చేసే అబ్బాయి కూర్చున్న చోటి చల్లగాలి కూడా ఫ్యూమ్ హుడ్ లాగేసుకుంటుంది. అందుకని పొగల పని అంతా ఒక చిన్న గదిలోకి, 12 అడుగులకు 10 అడుగులు, దానికి ఏసీయే లేదు, బయటి గాలి ఫిల్టర్ గుండా నేరుగా హుడ్ దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచే పోతుంది. మిషన్లు ఉన్న గదికి మాత్రం ఏసీ. తూకం గదికి వేరే చిన్న ఏసీ, దాని గాలి బ్యాలెన్స్ మీద పడకుండా ఎదురుగోడ వైపు. ఆఫీసు మొత్తం పై అంతస్తులో, అక్కడ 11 అడుగుల ఎత్తు, ఉత్తరం దక్షిణం ఎదురెదురు కిటికీలు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే ఇది 30 వాట్ల చుట్టుపక్కల. పైన ఏసీ ఉన్నది ఒక్క మీటింగ్ గదికే. మొదటి ఏప్రిల్‌లో తమ్ముడు గొడవ పెట్టుకున్నాడు, క్లయింట్లు వస్తే ఏమనుకుంటారు అక్కా అని. రెండో ఏప్రిల్‌లో ఆ మాట ఎత్తలేదు. అలాగని మేలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పైన చల్లగా ఉంటుందని చెప్పను. ఉక్కగా ఉండదు, పని చేసుకోవచ్చు, అంతే.

తమ్ముడికి అద్దం ముఖం కావాలి. దేవరకొండ రోడ్డు మీద కొత్తగా లేచిన బిల్డింగులన్నీ అలాగే ఉన్నాయి, మనది మాత్రం బడి లాగా కనిపిస్తే ఎట్లా అన్నాడు. ఆర్కిటెక్ట్ వాదించలేదు. ఏప్రిల్‌లో ఒక రోజు నాలుగింటికి మా పాత గదిలో పడమటి వైపు అద్దం పక్కన ఇద్దరికీ కుర్చీలు వేయించి అక్కడే డ్రాయింగులు పరిచాడు. పావుగంటకు తమ్ముడే లేచి కుర్చీ జరుపుకున్నాడు. తర్వాత మమ్మల్ని హైదరాబాద్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు తీసుకెళ్లారు, 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన బిల్డింగ్ అది, అమెరికా బయట లీడ్ అనే గ్రీన్ బిల్డింగ్ పద్ధతిలో ప్లాటినం రేటింగ్ అందుకున్న మొదటిదని చెప్తారు. మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, ఎండను ముక్కలు చేసి లోపలికి పంపే జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి దించే బురుజులు. నాకు జాలీ నచ్చింది. మా పాత ఊరి ఇళ్లలో గవాక్షాలు ఉండేవి, పనగల్లు గుళ్లో కూడా మండపం నీడలోకి వెళ్తే బయటికీ లోపలికీ ఎంత తేడానో తెలిసిన విషయమే. మాకు బురుజులు అక్కర్లేదు, పడమటి మెట్ల గోడకు మాత్రం జాలీ పెట్టించుకున్నాం. మెట్లు, టాయిలెట్లు, స్టోర్ అన్నీ పడమటి వైపే నెట్టారు, ఎండ దెబ్బ అవి తింటాయి, మనుషులు కూర్చునే గదులకు తగలదు. దక్షిణం కిటికీలకు రెండున్నర అడుగుల సజ్జలు. ఇవేవీ కొత్త సంగతులు కావు, తాతల కాలపు మేస్త్రీలకు తెలిసినవే.

ఇటుకల సంగతి తొందరగా చెప్పేస్తా. ఫ్లైయాష్ ఇటుకలు వాడాం, బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిదతో చేసినవి, మట్టి ఇటుక లాగా బట్టీలో కాల్చే పని లేదు. పడమటి గోడ ఒక్కటి రెండు వరసలు కట్టి మధ్యలో రెండు అంగుళాల ఖాళీ వదిలారు. కింద నేలకు తాండూరు బండ, ల్యాబ్ బల్లల మీద మాత్రం గ్రానైట్. సిమెంటు పీపీసీ రకం, దాంట్లోనూ బూడిద కలిసే ఉంటుంది, బట్టీలో కాల్చి చేసే క్లింకర్ అంత తగ్గుతుంది. ఈ సిమెంటు బూడిద కలపని ఓపీసీ కంటే నెమ్మదిగా గట్టిపడుతుంది, కాబట్టి కనీసం పది రోజులు తడి ఆరనివ్వొద్దు. మేస్త్రీ వారానికే గోనె సంచులు తీసేయబోతే నేనే ఆపా.

అక్కడే ఒక మాట. బిల్డింగ్ కట్టే నీళ్లను ఎవరూ పరీక్షించరు. ప్లాటులో వేసిన బోరు నీళ్లు నేను మా ల్యాబ్‌లోనే పరీక్షించా. ఫ్లోరైడ్ 2.8 వచ్చింది, అది కాంక్రీటుకు లెక్కలేదు. నేను చూసింది క్లోరైడ్. ఇనుప రాడ్లున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 అంటుంది, దాటితే లోపల రాడ్లు తుప్పు పడతాయి. మాది 310. సరే అనుకున్నాం. మధ్యలో బోరు తగ్గి ట్యాంకర్లు తెప్పిస్తే మూడో ట్యాంకర్ 640 వచ్చింది, వెనక్కి పంపించా, డ్రైవర్‌కు కోపం వచ్చింది కూడా. మీ దగ్గర్లో ఏ ల్యాబ్ ఉన్నా ఒక సీసా నీళ్లు ఇచ్చి ఈ ఒక్క పరీక్ష చేయించుకోండి, స్లాబ్ ఖర్చు ముందు అది లెక్కలోకే రాదు.

ఇక అసలు గొడవ. డ్రాయింగ్‌లో మూడు పైపుల దారులు వేరువేరుగా గీశారు. మేడ మీది వాన నీళ్లు ఒక దారి, అవి సంపులోకి, సంపు నిండితే ఇంకుడు గుంతలోకి. టాయిలెట్లు, చేతులు కడిగే నీళ్లు ఇంకో దారి. ల్యాబ్ సింకుల నీళ్లు మూడో దారి, అవి యాసిడ్‌కు తట్టుకునే పాలీప్రొపిలీన్ పైపులో సున్నం వేసే తొట్టిలోకి పోయి, అక్కడ యాసిడ్ విరిగాక మాత్రమే బయటికి. నీళ్లలో సేంద్రియ మురికి ఎంతుందో చూసే సీఓడీ పరీక్షలో పాదరసం ఉప్పు, డైక్రోమేట్ వాడతాం, ఫ్లోరైడ్ పరీక్షకు వాడే కొన్ని రసాయనాల్లో ఆర్సెనిక్ ఉంటుంది, అవి అసలు సింకులోనే పోయం, క్యాన్లలో పట్టి అనుమతి ఉన్నవాళ్లకు ఇస్తాం. కానీ గ్లాసులు కడిగిన నీళ్లు సింకులోకే పోతాయి కదా. అందుకే ఆ మూడో దారి నాకు ప్రాణంతో సమానం. డ్రాయింగ్ చూసి సంతోషపడ్డా, బండలు పరిచేశారు, అప్పగింత తేదీ కూడా పెట్టుకున్నాం.

అప్పగింతకు నాలుగు రోజుల ముందు సాయంత్రం, పనివాళ్లు వెళ్లిపోయాక, నేనూ తమ్ముడూ ఉన్నాం. ఎందుకో మనసు ఒప్పుకోలేదు. పొటాషియం పర్మాంగనేట్ పలుకులు చిటికెడు, బకెట్ నీళ్లలో వేశా. అది తెలిసినవాళ్లకు తెలుసు, నాలుగు పలుకులకే బకెట్ అంతా వంకాయ రంగు. ఒక్కో సింకులో ఒక్కో బకెట్ పోస్తూ తమ్ముణ్ని సున్నం తొట్టి దగ్గర నిలబెట్టా. మొదటి సింకు, వచ్చింది అక్కా. రెండోది, వచ్చింది. మూడోది, మూల సింకు, పోసి ఐదు నిమిషాలయినా ఏం లేదు. మళ్లీ ఒక బకెట్ పోశా. లేదు. నేను లాంతరు పట్టుకుని పెరట్లోకి పోయి ఇంకుడు గుంత మూత లేపా. కంకర మీద గులాబీ రంగు నీళ్లు మెల్లగా ఇంకుతున్నాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సైట్ చూసే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, అట్లా జరగదు మేడమ్, పాత తడి అయి ఉంటుంది అన్నాడు. పాత తడి గులాబీ రంగులో ఉండదని చెప్పి ఫోటోలు పంపించా. పొద్దున ఆర్కిటెక్టే బయల్దేరి వచ్చాడు, ఆ అమ్మాయి కూడా వచ్చింది. మళ్లీ బకెట్ పోశాం, అందరం చూశాం. ప్లంబర్ గుత్తకు తీసుకున్నవాడు తన పని ఇంకొకరికి అప్పగించాడట, ఆ వచ్చినవాడికి మూల సింకు పైపుకు దగ్గర్లో కనిపించింది వాన నీళ్ల చాంబర్, మూడు మీటర్లు పైపు మిగులుతుందని దాంట్లో కలిపేశాడు. ఆయన తప్పు కంటే నాకు కోపం వచ్చింది వేరే చోట, బండలు పరిచే ముందు ఎవరైనా ఒకరు డ్రాయింగ్ పట్టుకుని పైపుల వెంట నడిచి ఉంటే అయిపోయేది. సైట్ పర్యవేక్షణకు నేను రెండు మార్కులు కోసింది ఇందుకే.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి, వాళ్లు దాన్ని దాచిపెట్టే ప్రయత్నం చెయ్యలేదు. అదే రోజు బండలు లేపించారు, ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు, ఇంకుడు గుంతలో పై కంకర అంతా తీసి కొత్తది పోయించారు. లేపిన తాండూరు బండల్లో రెండు పగిలాయి, వాటి బదులు వేసినవి కొంచెం వేరే ఛాయలో ఉన్నాయి. మార్చమంటారా అని అడిగితే వద్దన్నా. ఆ రెండు బండలూ అలాగే ఉండనీ, పైపు ఎక్కడుందో గుర్తుంటుంది. బండలు మళ్లీ పరిచే మేస్త్రీ, పెద్దాయన, "అక్కా, మాకు ఎవ్వరు గిట్ల రంగు నీళ్లు పోసి చూపియ్యలే, చూపిస్తే మేం గూడ చూసుకుంటుంటిమి" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఇప్పుడు ఏటా మిరుగు కార్తెకు, వానలు పడకముందే, అన్ని సింకుల్లోనూ పర్మాంగనేట్ పోసి చూడటం మా ల్యాబ్‌లో అలవాటయింది.

వాన నీళ్ల సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. మేడ 2,000 చదరపు అడుగులు, అంటే 186 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకు ఒక లీటరు, అంటే మాకు 186 లీటర్లు. 40 మిల్లీమీటర్ల వాన ఒకటి గట్టిగా పడిందంటే ఏడు వేల లీటర్ల పైమాటే, ఆవిరయ్యింది, మొదటి మురికి వదిలేసింది తీసేసినా ఆరు వేలు సంపులోకి వస్తాయి. మా సంపు 10,000 లీటర్లు. ఈ నీళ్లు దేనికి వాడుతున్నామో వింటే మా వృత్తి వాళ్లు సంతోషపడతారు: డిస్టిల్డ్ వాటర్‌కు. పాత చోట బోరు నీళ్లు పోసేవాళ్లం, రెండు వారాలకే హీటర్ మీద తెల్లటి సున్నపు పొర వేలెడు మందం పట్టేది, యాసిడ్‌తో కరిగించి కడగాలి, హీటర్ కాయిల్ ఏడాదికి ఒకటి పోయేది. వాన నీళ్లలో ఆ ఉప్పులు లేవు. ఇప్పుడు ఆరు నెలలకోసారి తీసి చూస్తే పల్చటి మరక ఉంటుంది, తుడిస్తే పోతుంది. ఫ్లోరైడ్ 0.1 కూడా రాదు. ఇంకొకటి, ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్ కోసం దాన్ని చల్లార్చడానికి పది లీటర్ల పైన నీళ్లు పారుతూనే ఉండాలి, పాత చోట అవి నేరుగా మోరీలోకి. నల్గొండలో కూర్చుని, ట్యాంకర్ నీళ్లు కొని, రోజుకు వందల లీటర్లు మోరీలోకి. ఇప్పుడు ఆ వేడి నీళ్లు పై ట్యాంకుకు పోయి చల్లారి మళ్లీ కిందికి వస్తాయి. ఒక చిన్న మోటారు, ఒక ట్యాంకు, అంతే ఖర్చు.

కొత్త సంపు కట్టుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. మొదటి వానకు నిండిన నీళ్లు పరీక్షిస్తే పీహెచ్ 9.6 వచ్చింది, అంటే క్షారం బాగా ఎక్కువ, నాకు టెన్షన్ పుట్టింది, మళ్లీ ఎక్కడేం కలిపారో అని. ఏం లేదు, కొత్త కాంక్రీటులోని సున్నం నీళ్లలోకి దిగుతుంది. మూడుసార్లు నింపి ఖాళీ చేశాక దారికొచ్చింది, ఆ నీళ్లు మొక్కలకు పోశాం.

మేడ మీది పని నాకు అంతగా నచ్చలేదు. మన రాష్ట్రంలో 2023లో కూల్ రూఫ్ పాలసీ వచ్చింది కదా, స్లాబ్ మీద తెల్లటిది ఏదో ఒకటి వెయ్యాలి, ఎండను వెనక్కి కొట్టాలి. వీళ్లు మొదట తెల్ల పూత పూయించారు. నీళ్లు జారే వాలు ఒక మూల సరిగ్గా లేక అక్కడ నీళ్లు నిలిచి, మొదటి వానాకాలంలోనే పూత పొట్టు లేచింది. వాలు సరిచేసి, పూత బదులు తెల్ల టైల్స్ ముక్కలు పరిపించడానికి మూడు నెలలు తిప్పుకున్నారు, సగం ఖర్చు మేమే పెట్టుకోవాల్సి వచ్చింది. టైల్స్ ముక్కలు మాత్రం బంగారం. మేలో ఒక మధ్యాహ్నం రెండున్నరకు దూరం నుంచి వేడి చూసే థర్మామీటర్ పట్టుకుని చూశా: పక్కింటి ఉత్త స్లాబ్ 61 డిగ్రీలు, మాది 46. మొదటే ఇవి వేసుంటే ఈ గొడవ ఉండేది కాదు. మిగతా సగం మేడ మీద 10 కిలోవాట్ల సోలార్ ఉంది, సగటున రోజుకు 40 యూనిట్ల దాకా ఇస్తుంది, దుమ్ము తుడుస్తుంటే ఇంకా బాగా ఇస్తుంది. సోలార్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఇంతే. కానీ నన్నడిగితే మా బిల్లు తగ్గింది ముందు ఆ ఫ్యూమ్ హుడ్ గదిని వేరు చేయడం వల్ల, సోలార్ ఆ తర్వాత. ఆ అమ్మాయి కూడా ఇదే చెప్పింది, ముందు కారేది ఆపండి, తర్వాత నింపుకోండి అని.

తూకం బల్ల గురించి చెప్పకుండా ఉండలేను. బ్యాలెన్స్ గ్రాములో పదివేలవ వంతు చూపిస్తుంది. పాత చోట కింద లారీ పోతే చివరి అంకె వణికేది, నేను ఊపిరి బిగపట్టుకుని ఆగేదాన్ని, రోజుకు ఎన్నిసార్లో. ఇక్కడ తూకం గది రోడ్డుకు దూరంగా, దక్షిణం మూలకు పెట్టారు, బల్లకు నేల మీద కాళ్లు లేవు. భూమిలోంచి వేరే పునాది మీద ఇటుకల దిమ్మె లేపి, దాని మీద గ్రానైట్ పలక. దిమ్మెకూ గది నేలకూ మధ్య ఒక అంగుళం సందు, దాంట్లో థర్మోకోల్. నేల అదిరినా పలక అదరదు. మొదటి రోజు నాయన వచ్చినప్పుడు చూపించా. పక్కన నేల మీద కాలితో గట్టిగా తట్టి చూడు నాయనా అన్నా. ఆయన కర్రతో రెండుసార్లు కొట్టాడు. స్క్రీన్ మీద 0.0000 అలాగే నిలబడి ఉంది. ఆయనకు ఆ సున్నాల అర్థం తెలియదు, నా ముఖం చూసి నవ్వాడు.

ఖర్చు అడుగుతారు కాబట్టి: ఇక్కడ మంచి మేస్త్రీకి గుత్తకిస్తే అయ్యేదాని కంటే చదరపు అడుగుకు దాదాపు 280 రూపాయలు ఎక్కువ పడింది, టీమ్ ఫీజు కాక. దీంట్లో పెద్ద వాటా పైపులు, డక్టులు, సంపుది. అద్దం ముఖం మానేయడం వల్ల మిగిలింది కూడా ఉంది, అది లెక్కేస్తే తేడా ఇంకా తగ్గుతుంది. గ్రీన్ రేటింగ్ సర్టిఫికెట్ తీసుకుందామన్నారు, నేను వద్దన్నా, ఆ డబ్బుతో రెండో బ్యాలెన్స్ కొన్నా. మీకు కంపెనీ క్లయింట్లు ఉంటే సర్టిఫికెట్ పనికొస్తుందేమో, మా దగ్గరికి వచ్చేది రైతులు, పంచాయతీలు, వాటర్ ప్లాంట్ల వాళ్లు.

తేలని రెండు పనుల్లో ఒకటి, పడమటి గోడ ప్లాస్టర్‌లో పిల్లర్ పక్కన వెంట్రుకవాసి పగుళ్లు. ఇటుకకూ పిల్లరుకూ కలిసే చోట మెష్ కొట్టాలి, మిగతా అన్ని చోట్లా కొట్టారు, అక్కడ కొట్టలేదు. వస్తాం వస్తాం అని రెండు నెలలయింది. రెండోది మేడ మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత. ఫ్యాన్‌ను మేడ మీద పెట్టడం సరైనదే, గొట్టం అంతా లాగుడులో ఉంటుంది, ఎక్కడైనా సందున్నా పొగ గదుల్లోకి రాదు. మొదట దాన్ని హుడ్ నెత్తిన బిగించబోతే ఆ అమ్మాయే ఆపి మార్పించింది. కానీ రాత్రి పూట పని ఉన్నప్పుడు వెనకింటి పెద్దమ్మ వాళ్లకు నిద్ర పట్టడం లేదు, ఆమె చెప్పిన తీరు మర్యాదగానే ఉంది గానీ నాకు సిగ్గనిపించింది. ఫ్యాన్ వేగం తగ్గించే డ్రైవ్ పెడతామని ఒప్పుకున్నారు, ముందు అద్దం దించితే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, కరెంటూ మిగులుతుంది. ఆ డ్రైవ్ కొటేషన్‌లో మొదటి నుంచీ ఉంది, డబ్బు కూడా ఇచ్చేశాం. అది బిగించేదాకా రాత్రి తొమ్మిది తర్వాత హుడ్ పని పెట్టుకోవడం మానేశా. బిగించాక ఈ రివ్యూలో సర్వీసు మార్కులు మారుస్తా.

ల్యాబ్ గానీ, చిన్న ఆస్పత్రి గానీ కట్టుకునే ఆలోచనలో ఉన్న మన జిల్లా వాళ్లు ఎవరైనా చూడాలనుకుంటే శనివారం మధ్యాహ్నం రండి, ఆ పూట శాంపిళ్లు తక్కువగా ఉంటాయి. డ్రాయింగులు దాచుకోవాల్సినవేం కావు, పైపులది ముందు చూపిస్తా, ఆ రెండు బండలు కూడా.